నాకు దక్కని అరగంట

మీతో పాటు చదివి, మీతో పాటు ఉద్యోగంలో చేరి, మీ పక్క గదిలో కూర్చునే మనిషిని నలుగురూ పొగుడుతుంటే మీకు లోపల ఏమవుతుంది? "సంతోషమే" అనకండి. ఆ మాట నేనూ చాలా సభల్లో అన్నాను. అన్న ప్రతిసారీ అబద్ధమే ఆడాను.

నేను దేవుణ్ణి నమ్మను, పాపాన్నీ నమ్మను. కనుక అసూయ పాపమని లెంపలు వేసుకోవలసిన అవసరం నాకు లేదు. నా దృష్టిలో అది కడుపునొప్పి లాంటిది. లోపల ఎక్కడో ఏదో అడ్డుపడిందని చెబుతుంది. కడుపునొప్పి వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ఎక్కడ నొప్పిగా ఉందో వేలు పెట్టి చూపిస్తాం. అసూయ వస్తే మాత్రం మొహాన నవ్వు పులుముకుని ఇంటికి వెళ్తాం. ఈ రెండో పని నేను ఈ ఏడాది మిరప కోతల కాలమంతా చేశాను. అది ఎట్లా సాగిందో చెబుతాను.

గుంటూరు దాటి నల్లపాడు వైపు వెళ్లే దారిలో మా కాలేజీ. అక్కడ నేను గ్రామీణాభివృద్ధి పీజీ కోర్సులో పాఠాలు చెబుతాను. ఈ ఏడాది ఆ కోర్సుకు గుర్తింపు మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. బయటి రాష్ట్రాల ప్రొఫెసర్లు ఒక బృందంగా వస్తారు. ముందు సెమినార్ హాల్లో కూర్చుని, ఈ కోర్సు ఏమిటో, ఎందుకో ఒక అరగంట వింటారు. తర్వాత మా పిల్లలు పనిచేసే ఊరికి వెళ్లి చూస్తారు. ఆ అరగంట ఎవరు మాట్లాడతారో, బృందం కళ్లకు కోర్సంటే ఆ మనిషే. నాకు ఆ అరగంట కావాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఎందుకు కావాలంటే, ఆ కోర్సుకు ప్రాణం నేను పోశాను కాబట్టి. మా దగ్గర "ప్రశ్నల సాయంత్రం" అని ఒకటుంది. వారానికొకసారి మా విద్యార్థులు ఊళ్లో, చర్చి ముందున్న ఖాళీ జాగాలో, కూలి పని నుంచి తిరిగొచ్చిన వాళ్లతో కూర్చుంటారు. ఉపన్యాసం ఇవ్వకూడదు. ఊరివాళ్లే అడగాలి. తెలిస్తే జవాబు చెప్పాలి, తెలియకపోతే "తెలియదు" అనాలి. అని, మరుసటి వారం జవాబు వెతికి తీసుకురావాలి. ఇంతే నియమం. కుర్రతనంలో నేను తిరిగిన హేతువాద చర్చా వేదికల్లో నేర్చుకున్న ఒకే ఒక్క మంచి పద్ధతి అది. తెలియదని చెప్పగలిగినవాడి మాటే నమ్మదగిన మాట.

మొదటి సాయంత్రం నాకింకా గుర్తే. ఒకామె అడిగింది, "చేలో పురుగుమందు కొట్టేటప్పుడు మా ఆయనకు తల తిరిగితే మజ్జిగ తాగిస్తాం. అది పనిచేసుద్దా సారూ?"

"నాకు తెలియదమ్మా," అన్నాను.

వెనకనుంచి ఒక ముసలాయన పెద్దగా నవ్వాడు. "జీతం తీసుకుంటా తెలవదంటాడేందిరా!"

మరుసటి వారం ప్రభుత్వాసుపత్రి డాక్టర్ని వెంటబెట్టుకు వెళ్లాను. మజ్జిగ తాగిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుందని, బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలని ఆయన చెప్పాడు. ఆ వారం వచ్చినంత మంది జనం ఎప్పుడూ రాలేదు. ఆ ముసలాయనే ముందు వరసలో కూర్చున్నాడు.

ఇప్పుడు నా స్నేహితుడి గురించి చెప్పాలి. వాడిది సింగరాయకొండ దగ్గర ఊరు, నాది పొన్నూరు వైపు. హాస్టల్లో ఒకే గది. చర్చా వేదికలో ఒకే జట్టు. నేను పుస్తకాలు తిరగేసి వాదనలు రాసేవాణ్ణి, వాడు వేదికెక్కి చెప్పేవాడు. నేను రాసింది నేను చదివితే జనం గడియారం చూసుకునేవాళ్లు. అదే వాడి నోటివెంట వస్తే ఈలలు వేసేవాళ్లు. వాడి గొంతు అటువంటిది, ముందు వరసకూ వెనక వరసకూ ఒకేలా చేరుతుంది. మామూలు టీ కొట్టులో కూడా వాడు "అన్నా, రెండు టీ" అంటే వెంటనే వస్తాయి. నేను అడిగితే "ఒక్క నిమిషం సార్" అంటారు. ఇద్దరం ఒకే కాలేజీలో చేరి ఇంతకాలమైనా ఆ ఒక్క నిమిషం అలాగే ఉంది.

బృందం వస్తున్న కబురు అందిన వారమే మా డైరెక్టర్ మేడమ్ మీటింగు పెట్టారు. ఎంత పనిచేస్తారో అంత కంగారుపడే మనిషి. గదులకు సున్నం, మరుగుదొడ్లకు తలుపులు, వీల్‌చెయిర్ ఎక్కడానికి ర్యాంపు, అన్నీ అయ్యాక అసలు సంగతికి వచ్చారు.

"ప్రెజెంటేషన్ ఎవరు చేస్తారు?"

నేను కిటికీ బయటికి చూశాను. బయట చూడడానికేమీ లేదు, పత్తి కట్టె పీకేసిన ఖాళీ చేను. ఎవరో ఒకరు "ఇంకెవరు మేడమ్, సారే" అంటారని, నేను "అబ్బే, నాకెందుకండీ" అంటానని, వాళ్లు పట్టుబడతారని, చివరికి నేను ఒప్పుకుంటానని నా లెక్క. ఆ వరస అంతా లోపల సిద్ధంగా ఉంది.

"నేను చేస్తాను మేడమ్," అన్నాడు నా స్నేహితుడు.

"హమ్మయ్య!" అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగి, "సార్, మీరు రవాణా, ఆతిథ్యం చూసుకోండి. మీకు మనుషులతో ఓపిక ఎక్కువ."

నాకు మనుషులతో ఓపిక లేదని మా కాలేజీలో గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు. అయినా తలూపాను. కార్లు, మంచినీళ్ల సీసాలు, భోజనంలో కారం తక్కువ వేయించడం నా వంతుకు వచ్చాయి.

ఆ తర్వాతి రోజుల్లో కాలేజీ పెళ్లివారిల్లులా మారింది. నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకు తెచ్చి వరండాలో పెట్టారు. ఎప్పుడూ లేనిది చెట్లకు పేర్ల బోర్డులు కట్టారు. అన్నింటికీ మించి, సెమినార్ హాలు గుమ్మానికి దిష్టి తగలకుండా ఒక బూడిద గుమ్మడికాయ వేలాడదీశారు. గ్రామాల్లో మూఢనమ్మకాల మీద పిల్లలతో ప్రాజెక్టులు చేయించే కోర్సుకు గుమ్మడికాయ కాపలా! నేను మండిపడ్డాను. మేడమ్ గదికి వెళ్లి, కంటి నుంచి ఏ కిరణమూ బయటికి రాదని, కన్ను వెలుతురును తీసుకుంటుందే తప్ప పంపదని ఎనిమిదో తరగతి పాఠం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఉండనివ్వండి సార్, ఎవరి కళ్లు ఎటువంటివో," అన్నారు.

బయటికి వస్తుంటే నా స్నేహితుడు గుమ్మం దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "ఎందుకురా అంత ఇదైపోతావ్? అది కట్టింది నీ కళ్లకేరా."

వాడు సరదాకే అన్నాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఒక్క సంగతి మాత్రం హేతువాదులకు ఉపయోగపడుతుందని ఇక్కడ చెబుతున్నాను. దిష్టి అనేది నిజంగా ఉండి ఉంటే, ఆ వారాల్లో నేను చూసిన చూపులకు వాడి నాలుక ఎండిపోవాలి, గొంతు పూడిపోవాలి, కనీసం లాప్‌టాప్ అయినా పేలిపోవాలి. వాడికి చిన్న జలుబు కూడా చేయలేదు. దిష్టి లేదనడానికి ఇంతకంటే గట్టి ప్రయోగం ఎవరూ చేసి ఉండరు.

వాడు రోజూ నా గదికి వచ్చేవాడు. "ఒరేయ్, ఆ మొదటి సాయంత్రం సంగతి మళ్లీ ఒకసారి చెప్పరా. ముసలాయన ఏమన్నాడు?" అని కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. నేను చెప్పేవాణ్ణి, కరెంటు బిల్లు చదివినట్టు, పొడిపొడిగా. వాడు కళ్లు మూసుకుని వినేవాడు. రిహార్సల్ రోజున మేమంతా తనిఖీ బృందంలా నటిస్తూ హాల్లో కూర్చుంటే, వాడు నా మజ్జిగ కథ ఎత్తుకున్నాడు. ఆమె అడిగిన తీరు, ముసలాయన నవ్వు, డాక్టరు మాట. జరిగినదానికన్నా బాగా చెప్పాడు. "తెలియదమ్మా" అన్న చోట ఆగాడు. హాలంతా ఆగింది. అక్కడ నేను నిజంగా నిలబడ్డ రోజున ఎవరూ ఆగలేదు, నవ్వారు. నా సొంత జ్ఞాపకం నాకంటే వాడికే బాగా నప్పింది. పక్కనున్న లెక్చరర్ కళ్లు తుడుచుకుంటూ, "మీ ఫ్రెండ్ అదృష్టవంతులు సార్, ఎంత మంచి అనుభవమో," అన్నాడు. వాడి అనుభవమట!

నేనేం చేశానో తెలుసా? అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నాను. ఊరి పటంలో ఉత్తరం దిక్కు గుర్తు లేదన్నాను. వాడు వేసుకున్న చొక్కా గళ్లు తెర మీద కదిలినట్టు కనిపిస్తున్నాయన్నాను.

"ఇంకేమన్నా ఉన్నాయారా?" అన్నాడు వాడు, నవ్వకుండా.

"ప్రస్తుతానికి లేవు," అన్నాను.

ఆ మధ్యాహ్నమే రిహార్సల్లో భాగంగా ఊరికీ వెళ్లాం. కోతల రోజులు కదా, కూలీలెవరూ చర్చి దగ్గరికి రాలేరు. అందుకని వాళ్లు పనిచేసే మిరప కళ్లంలోనే సమావేశం పెడదామన్నాడు నా స్నేహితుడు. అందరికీ నచ్చింది. ఎర్రగా పరిచిన కాయలు, రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు, ఒక పక్క టిక్కీలు, అంటే మిరపకాయల గోతాలు, కాలితో తొక్కి నింపుతున్న మగవాళ్లు. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. మాలో ఒకరు తుమ్మితే "జలుబా మేడమ్?" అని అడిగాం. మేమంతా ఈ నేల మీద పుట్టి, ఈ ఘాటు పీలుస్తూ పెరిగినవాళ్లం. చేప నీళ్లను గమనించనట్టు మేం దాన్ని గమనించలేదు. వాడిలో తప్పులు వెతకడానికి కాగడా పట్టుకు తిరుగుతున్న నేను కూడా, ముక్కు ముందున్న ఆ పెద్ద తప్పును చూడలేదు. అసూయకు చూపు ఎక్కువ అనుకుంటాం. అది ఒక్క మనిషినే చూస్తుంది.

బృందం వచ్చింది. దాని పెద్ద ఒక ఉత్తరాది ప్రొఫెసరు, రిటైరైన మనిషి, సన్నగా, తెల్లటి మీసాలతో. హాల్లో వాడు మాట్లాడిన అరగంటా నేను వెనక వరసలో మంచినీళ్ల సీసాల పెట్టె పక్కన కూర్చున్నాను. ఏం చెప్పమంటారు? బాగా మాట్లాడాడు. ఒక్క ముక్క తడబడలేదు. పెద్దాయన పెన్ను కింద పెట్టి విన్నాడు. తప్పు దొర్లితే బాగుండునని కోరుకోలేదని చెబితే నమ్మకండి. దొర్లుతుందేమోనని ప్రతి వాక్యం చివరా ఎదురుచూశాను. నేను కనిపెట్టిన కోర్సు, నేను తిరిగిన ఊరు, నా "తెలియదు". చప్పట్లు వాడికి, ఖాళీ సీసాలు నాకు.

ఆ తర్వాత కార్లలో కళ్లానికి వెళ్లాం. మేం దిగేసరికి గాలి మళ్లింది. ఒక పక్క కాయలు తిరగేస్తున్నారు, ఇంకో పక్క టిక్కీలు తొక్కుతున్నారు. ఎర్రటి దుమ్ము లేచింది. బృందంలో ఒకాయన తుమ్మాడు. ఇంకొకావిడ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పెద్దాయనకు దగ్గు మొదలై ఆగలేదు, కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. మా మేడమ్ "అయ్యో, ఏమైంది, ఏమైంది?" అని అటూ ఇటూ పరిగెత్తారు. ఏమైందో మాకెవరికీ నిజంగా అర్థం కాలేదు.

తాలు ఏరుతున్న ఒకామె మాత్రం పక్కామెతో అన్నది, "కారం తినేవాళ్లను తోలుకు రావాలిగానీ, పెరుగన్నం వాళ్లను తెస్తే ఎట్టా?"

రవాణా నా బాధ్యత. పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని కారెక్కించి, అద్దాలు ఎత్తించి, ఏసీ వేయించాను. నీళ్లు ఇచ్చాను. మిగతావాళ్లు రుమాళ్లు కట్టుకుని అక్కడే ఉన్నారు. ఊపిరి కుదుటపడ్డాక ఆయన, ఇక దిగనని, ఇక్కడినుంచే చూస్తానని సైగ చేశాడు. అట్లా, నాకు కావలసిన మనిషి, నా పక్క సీట్లో, తలుపులు మూసిన కారులో, నాకు ఒక్కడికే దొరికాడు. ఎవరూ ఇవ్వని అరగంట నా ఒళ్లో పడింది.

అద్దంలోంచి నా స్నేహితుడు కనిపిస్తున్నాడు. కాయలు ఆరబోసే పరదా పట్ట మీద ఆడవాళ్ల ఎదురుగా చతికిలబడి కూర్చున్నాడు. ఆడవాళ్లు ఏదో అడిగారు. వాడు రెండు చేతులూ తెరిచి తల అడ్డంగా ఊపాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయకు రంగు పోదంటారు, మరి ఘాటు పోతుందా అని అడిగారట, తర్వాత పిల్లలు చెప్పారు. వాడు తెలియదన్నాడట. "నీకూ తెలవదు, ఆ సారుకీ తెలవదు. మీ కాలేజీలో తెలిసినోళ్లు ఎవురూ లేరా?" అన్నదట ఒకామె. కారులో మాటలు వినపడలేదు గానీ, వాళ్లందరూ పగలబడి నవ్వడం, వాడు వాళ్లకంటే ఎక్కువ నవ్వడం కనిపించింది.

పెద్దాయన అటే చూస్తూ అడిగాడు, "చాలా మంచి పద్ధతి. ఆయనే మొదలుపెట్టారా?"

"కాదు సార్. నేను," అన్నాను. ఇంతకాలం నోట్లో పెట్టుకు తిరిగిన మాట అది. చెప్పేశాను. ఎంత తీయగా ఉంటుందనుకున్నానో అంత తీయగానూ ఉంది.

ఆయన నా వైపు తిరిగాడు. ఎర్రబడ్డ కళ్లు తుడుచుకున్నాడు. "మరి మీరు కారులో ఎందుకున్నారు?"

"రవాణా కమిటీ సార్."

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "ప్రెజెంటేషన్ చేస్తానని అడిగారా?"

"లేదు సార్."

"అడిగితే కాదన్నారా?"

"అడగలేదు కదా సార్."

"అయితే మీకు అక్కర్లేదనుకున్నారేమో," అని ఆయన మళ్లీ అద్దంలోంచి చూడసాగాడు. ఆ తర్వాత నేనేం చెప్పానో చెప్పదగ్గది కాదు. పొడిపొడిగా ఏదో చెప్పాను. ఆయన మర్యాదగా తలూపాడు. రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు అని ఒక తంతు ఉంది. పెళ్లికొడుకు మంచమెక్కి మూతి ముడుచుకుంటాడు. ఏం కావాలో చెప్పడు. అత్తగారు బతిమాలాలి, బావమరిది బతిమాలాలి, స్కూటరో ఉంగరమో కనిపెట్టి తెచ్చివ్వాలి. ఎదిగిన మగవాడు నోరు తెరిచి అడక్కుండా ఊరంతా వచ్చి తన మనసు చదవాలని కూర్చోవడం ఎంత సిగ్గుచేటో నేను వ్యాసం రాశాను. పెళ్లిపందిట్లో నిలబడి ఉపన్యాసమిచ్చి, చుట్టాలతో తిట్లు కూడా తిన్నాను. అటువంటి నేను మా మీటింగు గదిలో చక్కగా మంచం వేసుకుని, ఖాళీ చేను వైపు మొహం తిప్పుకుని పడుకున్నాను. పెళ్లికొడుకైనా నయం, వాడు అలిగాడని అందరికీ తెలుసు. నేను అలిగినట్టు ఎవరికీ తెలియదు, "ఓపిక ఎక్కువ" అనుకున్నారు. దీన్నే మనం వినయం అని, పెద్దరికం అని, నిరాడంబరత అని పిల్లలకు నేర్పుతున్నాం. కావలసింది అడగడం లేకితనమని నేర్పి, దక్కనివాడు లోపల కుళ్లిపోతుంటే సంస్కారం అంటున్నాం.

బృందం వెళ్లిపోయాక ఇద్దరం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. వాడి గళ్ల చొక్కా నిండా ఎర్ర దుమ్ము.

"ఒరేయ్," అన్నాను, "నిన్ను చూస్తే నాకు కడుపు మంటగా ఉందిరా. హాస్టల్ నుంచీ ఉంది."

వాడు గ్లాసు దించలేదు. "తెలుసులేరా."

"తెలుసా?"

"చొక్కా గళ్లు కదులుతున్నాయన్నప్పుడు తెలవదా ఏంది?"

"తెలిస్తే ఆ అరగంట నాకు ఇవ్వొచ్చుగా?"

"నువ్వు అడగొచ్చుగా! నువ్వేమో కిటికీలోంచి చూస్తన్నావు. నాకేమో మాట్లాడటం ఇష్టం. నాకు కావాలి, అడిగా, ఇచ్చారు. ఇందులో దొంగతనమేముందిరా?"

"కథ నాదిరా."

"నీదే. నువ్వు చెబితే ఎవడు వింటాడు?" అని, అన్నాక కాస్త తగ్గాడు. "నీ పేరు చెప్పాల్సింది. అది నా తప్పే. మాటల వేగంలో పోయింది. కానీ ఇప్పుడడిగినా ఆ అరగంట ఇవ్వను, చెబుతున్నా. బాగా మాట్లాడా."

"బాగా మాట్లాడావు," అన్నాను. ఆ రెండు మాటలూ అనడానికి పన్ను పీకించుకున్నంత పనైంది. అయినా, అన్నాక నొప్పి ఎక్కడుందో స్పష్టంగా తెలిసింది. వాడి గొంతు మీద నా అసూయ పోలేదు, పోదు. వాడు దొంగ అన్న అనుమానం మాత్రం పోయింది. అది పుట్టింది నేను నోరు మూసుకున్న చోటే.

కోర్సుకు గుర్తింపు వచ్చింది. మేడమ్ స్వీట్లు పంచిన మీటింగులోనే నేను చెప్పాను, "మళ్లీ బృందం వచ్చినప్పుడు నేను మాట్లాడతాను. నాకు కావాలి."

"ఇంకా ఎన్నేళ్లుందండీ అది!" అన్నారావిడ.

"అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. సాధన చేసుకోవాలి."

"నేను ఒప్పుకోను మేడమ్, పోటీ పెట్టండి," అన్నాడు నా స్నేహితుడు, నోట్లో లడ్డుతో.

పోటీ పెడితే బహుశా వాడే గెలుస్తాడు. పెట్టనివ్వండి. ఓడితే ఓడానని తెలుస్తుంది. ఇంతకాలం నేను ఆడని ఆటలో ఓడిపోతున్నాను.

ఇది చదువుతున్న మీరు కాలేజీలో పనిచేస్తుండవచ్చు, బ్యాంకులోనో, బడిలోనో, మిల్లులోనో ఉండవచ్చు. ఈపాటికి మీకో మనిషి గుర్తొచ్చి ఉంటారు. ఆ మనిషికి దక్కింది మీకు ఎప్పుడైనా నిజంగా నిరాకరించారా, లేక మీరు అడగనే లేదా? అడగకపోతే, బతిమాలేవాళ్ల కోసం ఎదురుచూడటం ఇవాళే మానండి. రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే, ఇవ్వగలిగిన మనిషి ఎదురుగా నిలబడి, "ఆ పని నాకు కావాలి" అని అందరికీ వినబడేలా అడగండి.